బండి తిరగని వీధికి పేరు: అమీర్‌పేట, పంజాగుట్టల నేపథ్యంలో ఒక పదచరిత్ర

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అమీర్‌పేట, పంజాగుట్ట రెండూ మిశ్రనామాలే. మొదటిదానిలో అరబ్బీ మూలం నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చిన ‘అమీర్’కు ‘పేట’ చేరింది. రెండవదానిలో అరచేతిని సూచించే ఫారసీ ‘పంజా’కు తెలుగు ‘గుట్ట’ తోడైంది. పరాయి మాటను తన మాటతో కలిపి ఏ జంకూ లేకుండా సొంతం చేసుకోవడం ఈ నగరపు తెలుగుకు అలవాటు. అటువంటి చోట కూడా, మోటారు వాహనాలను తప్పించి నడిచేవారికి వదిలిన వీధిని ఏమని పిలవాలన్న ప్రశ్నకు స్థిరమైన సమాధానం ఏర్పడలేదు. పత్రికల్లోను ప్రకటనల్లోను ‘వాహనరహిత వీధి’, ‘వాహన నిషేధిత ప్రాంతం’, ‘నో వెహికల్ జోన్’, ‘పెడెస్ట్రియన్ జోన్’, ‘పాదచారుల మార్గం’ అనే మాటలు ఒకదానికొకటి బదులుగా కనిపిస్తాయి. వీటిలో ఏదీ జనం నోట నిలిచిన మాట కాదు.

వస్తువు కొత్తది కనుక పేరు కుదురుకోవడానికి కాలం పడుతుందని దీనికి సమాధానం చెప్పవచ్చు. కాని వస్తువు కొత్తది కాదు. బండ్లు లేని వీధి తెలుగు సమాజానికి పాత అనుభవమే. ఆ అనుభవాన్ని అది వీధిలో లేనిదాన్ని బట్టి కాక, వీధిని నింపినదాన్ని బట్టి పిలుచుకుంది. నేటి పారిభాషిక పదాలు ఈ అలవాటుకు ఎదురు నడిచినందువల్లనే వాడుకకు ఎక్కలేదన్నది ఈ వ్యాసపు ప్రతిపాదన. ఆ పదాల అస్పష్టత వల్ల వీధిలో చోటు పోగొట్టుకునేది ఎవరన్న ప్రశ్న కూడా దీనితోనే ముడిపడి ఉంది.

రథ్య, వీధి, రహదారి

కావ్యభాషలో వీధికి ‘రథ్య’ అని ఒక పర్యాయపదం ఉంది. అమరకోశం దాన్ని ‘ప్రతోలి’తో పాటు చెప్పింది. రథం నడిచేది రథ్య. అంటే వాహనాన్ని బట్టి వచ్చిన పేరు. ‘వీధి’ అలా కాదు. సంస్కృత ‘వీథి’కి వరుస, పంక్తి అని అర్థం. ఇళ్ల వరుసల నడుమ ఉన్నది కనుక వీధి అయింది. ఒకటి వెళ్లేదాన్ని చూసి పెట్టిన పేరు, మరొకటి ఉండేవారిని చూసి పెట్టిన పేరు. తెలుగు నిత్యవ్యవహారం రెండవదాన్ని నిలుపుకుని మొదటిదాన్ని పద్యానికి వదిలేసింది. ‘వీధిన పడ్డారు’, ‘వీధి నాటకం’, ‘వీధి బడి’, ‘వీధరుగు’ వంటి మాటల్లో వీధి ప్రయాణ సాధనం కాదు. మనుషులు బయటపడి కనిపించే చోటు.

ఈ చర్చకు అన్నిటికన్నా పనికివచ్చే పాత మాట ‘మాడవీధి’. దేవాలయం చుట్టూ నాలుగు దిక్కులా ఉండే వీధులకు ఇది పేరు. తమిళంలో ‘మాడం’ అంటే మేడ. మేడలున్న వీధి అన్న అర్థం తెలుగులో మరుగున పడి, దేవుడు ఊరేగే వీధి అన్న అర్థం మిగిలింది. తిరుమల మాడవీధుల్లో నేడు మోటారు వాహనాలు తిరగవు. తెలుగువారిలో అత్యధికులు స్వయంగా నడిచి చూసిన బండ్లు లేని వీధి బహుశా ఇదే. అయినా దాన్ని ‘వాహనరహిత వీధి’ అని ఎవరూ అనరు, అనలేరు కూడా. బ్రహ్మోత్సవాలలో జరిగేదే వాహనసేవ. గరుడ వాహనం, హంస వాహనం, సింహ వాహనం తిరిగేది ఆ వీధుల్లోనే. తెలుగు పాఠకుని మనసులో ‘వాహనం’ అన్న మాటకు కారు, లారీల కన్నా ముందు నుంచి ఉన్న అర్థం ఇది. పారిభాషిక పదం కూర్చినవారు ఈ సంగతి గమనించినట్లు లేదు.

హైదరాబాదు పరిసరాలకు వస్తే ‘రహదారి’ చరిత్ర మరింత ఆసక్తికరమైనది. ఫారసీలో ‘రాహ్’ దారి. ‘రాహ్‌దార్’ దారి కాచేవాడు, సుంకం వసూలు చేసేవాడు. ‘రాహ్‌దారీ’ మొగలుల కాలంలో సరకు రవాణాపై వేసిన సుంకం. దారి మీద పోనిచ్చినందుకు చెల్లించే మూల్యం పేరే తెలుగులో క్రమంగా దారికే పేరయింది. చివరి భాగం అచ్చతెలుగు ‘దారి’తో కలిసిపోయి వినబడడం అందుకు సాయపడి ఉంటుంది. ఈనాడు ‘జాతీయ రహదారి’ అన్నప్పుడు ఆ పాత సుంకపు ఊహ ఎవరికీ తట్టదు. టోల్ ప్లాజా దగ్గర ఆగినప్పుడు మాత్రం మాట తన మూలార్థానికి తిరిగి వచ్చినట్లే. ఏమైనా రహదారి అనుమతితో దాటిపోయే మార్గమే తప్ప నిలబడి మాట్లాడుకునే చోటు ఎన్నడూ కాలేదు.

తెలంగాణ పలుకుబడిలో దీనికి సమాంతరమైన భేదం ‘సడక్’, ‘తొవ్వ’ల మధ్య కనిపిస్తుంది. బస్సు వచ్చేది సడక్. కాలినడకన పోయేది తొవ్వ. నిజాం రాజ్యంలో 1932లో రైల్వే శాఖ కింద 27 బస్సులతో ప్రజా రవాణా మొదలైన తరువాత ఈ విభజన బలపడి ఉంటుందని ఊహించవచ్చు. కోస్తా పల్లెల్లోని ‘డొంక’, ‘పుంత’ కూడా ఎవరు, ఏవి నడుస్తాయన్నదాన్ని బట్టి నిలిచిన పేర్లే. దారిని అందులో నడిచేవారితో గుర్తుపట్టడం తెలుగుకు కొత్తగా నేర్పవలసిన పని కాదు.

ఖాళీ చేసే మాటలు, నింపే మాటలు

ఇరవయ్యో శతాబ్దపు హైదరాబాదులో వీధి నుంచి వాహనాలు తొలగిన సందర్భాలకు పేర్లు కొరవడలేదు. అవి రెండు తెగలు. ‘కర్ఫ్యూ’, ‘బంద్’, ఇటీవలి ‘లాక్‌డౌన్’ ఒక తెగ. వీటిలో బండ్లతో పాటు మనుషులూ పోతారు. వీధి ఖాళీ అవుతుంది. 2020 మార్చి 22న పాటించిన జనతా కర్ఫ్యూ నాడు పంజాగుట్ట చౌరస్తా కూడా ఈ అర్థంలో వాహనరహితమే. కాని అది నడిచేవారికి దక్కిన వీధి కాదు. ‘ఊరేగింపు’, ‘జాతర’, ‘సంత’ రెండవ తెగ. ఇక్కడ వీధి నిండుతుంది. బండ్లు చోటు లేక తప్పుకుంటాయి. ‘ఊరేగు’లోని ‘ఏగు’కు వెళ్లడమని అర్థం. ఊరంతా కదిలి వెళ్లే క్రియ పేరులోనే ఉంది. వాహనాలు ఆగిపోవడం దాని పర్యవసానమే గాని నిర్వచనం కాదు.

ఈ రెంటికీ నడుమ నిలిచే మాట ‘రాస్తారోకో’. దారి ఆపడమే దాని అర్థం కనుక అది మొదటి తెగకు దగ్గర. అయితే తెలంగాణ ఉద్యమం దాన్ని అక్కడితో ఆపలేదు. 2011 జూన్‌లో హైదరాబాదు రోడ్ల మీద జరిగిన ‘వంటావార్పు’ నిరసన పదజాలంలో ఒక మలుపు. నడిరోడ్డుపై పొయ్యిలు పెట్టి వండుకుని, పంక్తులు తీరి తిన్న ఆ కార్యక్రమానికి దారి దిగ్బంధాన్ని చెప్పే పేరు పెట్టవచ్చు. పెట్టలేదు. ఇంటి పనిని చెప్పే జంటపదాన్ని తీసుకున్నారు. వాహనాలు ఆగిన వీధి కొన్ని గంటల పాటు వంటిల్లు అయింది. పేరూ ఆ వంటింటి నుంచే వచ్చింది. 2013 మార్చిలో కర్నూలు రహదారిపై తలపెట్టిన ‘సడక్ బంద్’తో దీన్ని పోల్చి చూస్తే రెండు తెగల భేదం స్పష్టమవుతుంది. ఒకే ఉద్యమం, దాదాపు ఒకే వ్యూహం. ఒక పేరు మూతను చెప్పింది, మరొకటి పొయ్యిని చెప్పింది.

అమీర్‌పేటకు ఆనుకుని ఉన్న బల్కంపేటలో ఇటువంటి సందర్భం ఏటా వస్తుంది. ఆషాఢంలో మంగళవారం నాడు ఎల్లమ్మ కల్యాణం, మరునాడు రథోత్సవం. ఆ రోజుల్లో ఆలయం చుట్టూ ఉన్న దారుల్లోకి వాహనాలను రానివ్వరు. అమీర్‌పేట, సంజీవరెడ్డినగర్ వైపు నుంచి వచ్చేవాటిని మళ్లిస్తారు. వీధి పొడవునా చలువ పందిళ్లు, క్యూలు, బోనాలు, మంచినీటి పంపిణీ. పాదచారులకు ఇచ్చే వీధి గురించి నగర రూపకర్తలు కోరే లక్షణాలన్నీ ఆ రెండు రోజులు అక్కడ ఉంటాయి. స్థానికులు ఆ స్థితిని ‘కల్యాణం’ అన్న ఒక్క మాటతో సూచిస్తారు. ‘ఆ రోడ్డు ఎందుకు మూశారు’ అన్న ప్రశ్నకు ‘కల్యాణం కదా’ అన్నది పూర్తి సమాధానం. మరునాటి పత్రికలో అదే సంగతి ‘ట్రాఫిక్ ఆంక్షలు’, ‘దారి మళ్లింపు’ అన్న శీర్షికల కింద వస్తుంది. నడిచేవారి దృష్టిలో తెరుచుకున్న వీధి బండి నడిపేవారి దృష్టిలో మూసుకున్న వీధి. పత్రికాభాష రెండవ దృష్టిని సహజమైనదిగా తీసుకుంది.

రాహ్‌గిరి నుంచి సండే ఫన్‌డే వరకు

ఆధునికార్థంలో కార్లు లేని వీధి ఒక నగర కార్యక్రమంగా ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు దాని పేరు ‘రాహ్‌గిరి’. గుర్గావ్‌లో 2013 నవంబరులో మొదలైన ఆ ఆదివారపు కార్యక్రమం 2015లో హైటెక్ సిటీ పరిసరాలకు చేరింది. ఫారసీ ‘రాహ్‌గీర్’ అంటే దారి పట్టినవాడు, బాటసారి. రహదారిలో ఉన్న ‘రాహ్’ ఇక్కడా ఉంది. ఒకే ధాతుబీజం నుంచి ఒకటి సుంకపు దారిగా, ఒకటి నడకగాని విహారంగా మొలిచాయి. హైదరాబాదు తెలుగుకు ఉర్దూ పరాయిది కాదు గనుక ఈ మాట ఇక్కడ అతుక్కోవలసింది. అతుక్కోలేదు. తెలుగులో ‘గిరి’ అనే ప్రత్యయం ‘దాదాగిరి’ ద్వారా బాగా పరిచయం. శంకర్‌దాదా చిత్రాల తరువాత ‘గాంధీగిరి’ కూడా తెలిసినదే. ఆ వరుసలో వినబడిన రాహ్‌గిరి ఏదో పెత్తనాన్ని సూచించినట్లయింది తప్ప నడకను సూచించలేదు. అదే ఏడాది ఆ ప్రాంతపు ఐటీ సంస్థల కోసం చేపట్టిన ‘కార్‌ఫ్రీ థర్స్‌డే’ మరీ ఇంగ్లీషు. రెంటికీ కార్యాలయాల ఆవరణ దాటిన ఉనికి లేదు.

2021 ఆగస్టు చివరి ఆదివారం నుంచి ట్యాంక్‌బండ్‌పై సాయంత్రం వేళ వాహనాలను ఆపి జనాన్ని తిరగనిచ్చారు. దానికి ‘సండే ఫన్‌డే’ అన్న పేరు వచ్చింది. అక్టోబరు 17న చార్మినార్ దగ్గర ‘ఏక్ షామ్ చార్మినార్ కే నామ్’ మొదలైంది. ఈ రెండు పేర్లూ జనానికి తెలిశాయి. కారణం ఊహించడం కష్టం కాదు: రెండింటిలోనూ వాహనం ప్రస్తావన లేదు. ఒకటి ఆదివారపు సరదాను చెప్పింది, మరొకటి ఒక సాయంత్రాన్ని కట్టడానికి అంకితం చేసింది. అదే చార్మినార్ చుట్టూ దశాబ్దాలుగా సాగిన పథకపు పేరు ‘పాదచారుల ప్రాజెక్టు’ మాత్రం దస్త్రాల్లోనే ఉండిపోయింది. గ్రానైటు పరిచిన ఆ నేల మీద సెల్ఫీలు తీసుకునేవారిలో తాము ‘పాదచారుల’మని అనుకునేవారు ఉండరు.

ఇతర భాషల అనుభవమూ ఈ వైపే చూపుతుంది. కోపెన్‌హేగెన్‌లోని స్ట్రోయెట్ వీధిని 1962లో నడిచేవారికి కేటాయించారు. అటువంటి వీధికి డేనిష్ భాషలో ఉన్న పేరుకు ‘నడక వీధి’ అని అర్థం. టోక్యోలో గింజా వీధిని 1970లో ఆదివారాలు ఇలా వదిలినప్పుడు జపనీయులు దానికి ‘నడిచేవారి స్వర్గం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. ఇంటికి దగ్గరగా, చెన్నై పాండీబజార్‌ను 2019లో తీర్చిదిద్దినప్పుడు తమిళ పత్రికలు నడక దారిని చెప్పే తమ మాటనే వాడాయి. ఆ పాండీబజార్ ఉన్న దారికి పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగు కుటుంబంవాడు కావడం ఈ సందర్భంలో గుర్తుకు వచ్చే ఉపకథ మాత్రమే.

‘లేని’, ‘రహిత’

‘వాహనరహిత’ అన్న సమాసం ఎందుకు నిలవలేదో వ్యాకరణం కొంత చెబుతుంది. ‘రహిత’ ఉత్తరపదంగా ఇటీవలి తెలుగులో విరివిగా వాడుతున్న సమాసాలు అవినీతిరహిత, ప్లాస్టిక్‌రహిత, పొగాకురహిత, మద్యరహిత వంటివి. పూర్వపదం ప్రతిచోటా ఒక చెడు. సమాసం ఆ చెడు పోవడాన్ని చెబుతుంది. పోయిన తరువాత ఏముంటుందో చెప్పదు. ‘నిషేధిత’ ఇంకా కఠినం. నిషేధిత ప్రాంతం అనగానే సైనిక స్థావరమో, తవ్వకపు గొయ్యో తోస్తుంది. ఎవరినో రమ్మనడానికి పెట్టిన పేరు వద్దనే ధ్వనితో మొదలవుతుంది.

అచ్చతెలుగులో చెప్పబోతే మరొక చిక్కు. ‘బండ్లు రాని వీధి’, ‘బస్సు రాని ఊరు’ అన్న ప్రయోగాలు తెలుగులో చాలా కాలంగా లేమికి గుర్తులు. బస్సు రాని ఊరంటే వెనుకబడిన ఊరు. అంబులెన్సు దూరని సందు, అగ్నిమాపక శకటం తిరగని గల్లీ నగరంలోని పేద బస్తీల ఫిర్యాదులు. వ్యతిరేకార్థక క్రియాజన్య విశేషణం ‘రాని’కి, రాలేకపోవడానికీ రానివ్వకపోవడానికీ నడుమ ఉన్న తేడా తెలియదు. అమీర్‌పేట వెనుక సందుల్లో గది అద్దెకు తీసుకున్న విద్యార్థికి బండి రాని వీధి ఒక ఇబ్బంది. అదే మాటను నగర పాలనా పత్రం ఒక సౌకర్యంగా ప్రకటిస్తే, వినేవాడికి రెండర్థాలు ఢీకొంటాయి. ఈ ఘర్షణను తప్పించుకునేందుకే సంస్కృత ప్రత్యయాన్ని ఆశ్రయించారని అనుకోవచ్చు. లేమి అన్న అర్థం దానితో పోయింది, జీవమూ పోయింది.

‘పాదచారి’ పరిస్థితి దీనికి భిన్నం, మరింత విషాదకరం. ఈ మాట తెలుగు వచనంలో బతికి ఉన్న మనిషిని సూచించడం అరుదు. గుర్తు తెలియని వాహనం ఢీకొన్నప్పుడే నడిచే మనిషి పాదచారి అవుతాడు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక చెబుతుంది. దాదాపు ఐదింట ఒకటి. మాటకు అంటిన మృత్యుఛాయకు ఈ లెక్క వెనుకనున్న రోజువారీ వార్తే కారణం. అదే ‘పాదం’ ‘యాత్ర’తో కలిస్తే అధికారానికి దారి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం వరకు చేసిన నడక తరువాత ‘పాదయాత్ర’ తెలుగు రాజకీయ నిఘంటువులో ప్రధాన పదమయింది. ఆయన విగ్రహం పంజాగుట్ట చౌరస్తాలో ఉంది. దాని ముందు నిమ్స్ ఆసుపత్రి వైపు దాటేందుకు సందు కోసం ఎదురుచూసే రోగి బంధువు పాదయాత్రికుడు కాడు, పాదచారి. నడక ఒకటే. నడిచేవాడి వెనుక జనం ఉన్నారా లేదా అన్నదే తేడా.

అమీర్‌పేటలో నిలిచి ఉన్న ప్రశ్న

2017 నవంబరులో మెట్రో రైలు మొదలైనప్పుడు అమీర్‌పేట దాని కూడలి స్టేషన్‌గా ఏర్పడింది. 2018 సెప్టెంబరులో పంజాగుట్ట మీదుగా ఎల్.బి.నగర్ మార్గం వచ్చి చేరింది. అప్పటి నుంచి ఇక్కడి నడక పదజాలంలో ‘స్కైవాక్’, ‘ఫుట్ ఓవర్ బ్రిడ్జి’ పెరిగాయి. నేలను బండ్లకు వదిలి మనిషిని పైకెత్తే నిర్మాణాల పేర్లవి. కింద మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల్లో కథ వేరు. సాఫ్ట్‌వేర్ శిక్షణ తరగతులు మారే వేళ విద్యార్థులు సందులను నింపేస్తారు. బండి నడిపేవాడు కాళ్లు నేల మీద ఆనించి జరుపుకోవలసిందే. ఏ ఉత్తర్వూ లేకుండానే ఆ కాసేపు అది నడిచేవారి వీధి. దానికి పేరు లేదు. ‘ఫుట్‌పాత్’ ఉంది గాని, అమీర్‌పేట తెలుగులో ఫుట్‌పాత్ అంటే నడిచే చోటు కన్నా ముందు కొనే చోటు. ‘ఫుట్‌పాత్ మీద తీసుకున్న చొక్కా’ అన్నప్పుడు ఎవరికీ నడక గుర్తుకు రాదు.

ఇక్కడే మాట ఎంపిక మనుషుల బతుకును తాకుతుంది. హైదరాబాదు తెలుగులో ‘బండి’ అంటే ముందుగా ద్విచక్ర వాహనం. కాని మిర్చి బండి, పండ్ల బండి, తోపుడు బండి కూడా బండ్లే. ‘బండ్లు లేని వీధి’ అన్నా, అర్థవిస్తృతి దృష్ట్యా ‘వాహనరహిత వీధి’ అన్నా తోపుడు బండి అందులో చిక్కుకుంటుంది. చట్టం ఉద్దేశం అది కాదు. వీధిలో వాహనాలను ఆపే అధికారాన్ని ఇచ్చే 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షను మోటారు వాహనాల గురించే చెబుతుంది. యంత్రబలంతో నడవని తోపుడు బండి ఆ నిర్వచనంలోకి రాదు. దాన్ని తోసుకు తిరిగేవాడికి 2014 వీధి వ్యాపారుల చట్టం వేరుగా రక్షణ కల్పించింది. ఇంగ్లీషులో ‘మోటారు’ అన్న విశేషణం చేసే పనిని తెలుగు అనువాదం ‘వాహనరహిత’లో జారవిడిచింది. జారిన ఆ ఒక్క మాట వల్ల వీధి నుంచి తీసివేయదగినవాటిలో కారు పక్కన జామపండ్ల బండి కూడా చేరుతుంది.

‘నడకవీధి’ అన్న సమాసం ఈ చిక్కులను చాలావరకు దాటుతుంది. ‘కాలిబాట’, ‘నడకదారి’ ఇప్పటికే ఉన్నాయి గాని అవి వీధి అంచున ఉన్న పట్టీకి స్థిరపడ్డాయి. ‘నడకవీధి’లో వీధి మొత్తం ఉంటుంది, వరుస ఇళ్లూ దుకాణాలూ ఉంటాయి, తోపుడు బండి బయట పడదు. దేశ్య, తత్సమాల కలయిక మీద అభ్యంతరం చెప్పేవారికి అమీర్‌పేట, పంజాగుట్ట పేర్లే సమాధానం. తెలంగాణలో ‘నడక తొవ్వ’ ఇంకా దగ్గరిది కావచ్చు. అయితే ‘తొవ్వ’ ఊరి బయటి దారిని గుర్తుచేస్తుంది, దుకాణాల వరుసను కాదు.

115వ సెక్షను ప్రకారం నెలకు మించని నిషేధాన్ని గెజెట్‌లో ప్రకటించనవసరం లేదు. స్థానికంగా తెలియజేస్తే చాలు. బల్కంపేట కల్యాణం వంటి సందర్భాలన్నీ ఆ గడువులోకే వస్తాయి. అటువంటప్పుడు జనం చదివేది గెజెట్ పాఠం కాదు. పత్రికలో వచ్చిన తెలుగు ప్రకటన, చౌరస్తాలో బారికేడుకు కట్టిన తెలుగు ఫ్లెక్సీ. పూలు, కొబ్బరికాయల బండిని ఆ బారికేడు లోపలికి రానివ్వాలో వెనక్కి పంపాలో అక్కడ నిలబడిన హోంగార్డు ఆ పాఠాన్ని చూసే తేల్చుకోవాలి.